వేడిని మోయు ఇనుము: కారు బ్రేకు డిస్కులను ఎన్నుకొనుట

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున పైక్స్ పీక్ అను పర్వతము కలదు. దాని శిఖరము సముద్రమట్టమునకు 4,300 మీటర్ల ఎత్తున ఉన్నది. శిఖరము వరకు కారులు పోవుటకు రోడ్డు వేసినారు. ఎక్కునప్పుడు కష్టమంతయు ఇంజనుది. దిగునప్పుడు కష్టమంతయు బ్రేకులది. అందుచేత దిగు దారిలో, శిఖరమునకు సుమారు 800 మీటర్ల దిగువన గ్లెన్ కోవ్ అను చోట రోడ్డు సిబ్బంది బండ్లను నిలిపి, పరారుణ కిరణములతో పనిచేయు చిన్న ఉష్ణమాపకమును ముందు చక్రము వైపు చూపుదురు. బ్రేకు ఉష్ణోగ్రత 300 ఫారెన్‌హీటు డిగ్రీలను, అనగా దాదాపు 150 సెంటీగ్రేడు డిగ్రీలను దాటినచో, బండిని ప్రక్కన నిలిపి చల్లారిన పిమ్మటనే పోనిత్తురు.

ఆ సిబ్బంది కారు వేగమును అడుగరు, బ్రేకులు క్రొత్తవా పాతవా అని అడుగరు. వేడిని మాత్రమే కొలుతురు. బ్రేకును గురించి తెలిసికొనవలసిన ముఖ్య విషయము ఆ ఒక్క కొలతలోనే ఇమిడియున్నది. బ్రేకు అనునది గతిశక్తిని వేడిగా మార్చు యంత్రము. మారిన వేడిని తక్షణము మోయవలసిన భారము చక్రముతోపాటు తిరుగు ఇనుప డిస్కుపై పడును. దీనినే రోటర్ అనియు అందురు. పాతది అరిగిపోయి క్రొత్త డిస్కును కొనవలసి వచ్చినప్పుడు అంగడిలో నునుపు డిస్కు, చిల్లుల డిస్కు, గాడుల డిస్కు, పెద్ద డిస్కు అని పలురకములు ఎదురగును. వెలలలో ఎంతో తేడా ఉండును. వీనిలో ఏది మేలు అను ప్రశ్నకు సమాధానము వేడి లెక్కలోనే దొరకును.

లెక్కకు ఒక కారు కావలెను. మాజ్డా అను జపాను కంపెనీ 1989లో అమెరికాలో విడుదల చేసిన మియాటా అను ఇద్దరు కూర్చుండు చిన్న స్పోర్ట్సు కారును తీసికొనవచ్చును. ఇది పందెములకే పుట్టిన బండి కాదు. సంతోషము కొరకు రోడ్డుపై నడుపుకొనుటకు చేసినది. తొలి నమూనాలు అనేకము నేటికిని రోడ్లపై తిరుగుచున్నవి. వాని బ్రేకు డిస్కులు ఒకసారి కాదు, పలుమారులు మార్పించుకొన్నవే. కారు బరువు దాదాపు 1,000 కిలోగ్రాములు. నడుపు మనిషిని, కొద్దిపాటి సామానును కలిపి 1,100 అనుకొన్నచో లెక్క సులువగును.

గంటకు 100 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 27.8 మీటర్లు. ద్రవ్యరాశిలో సగమును వేగము యొక్క వర్గముచే గుణించినచో గతిశక్తి వచ్చునని తొమ్మిదవ తరగతి విద్యార్థికి తెలియును. 550ను 772తో గుణింపగా సుమారు 4,25,000 జౌళ్ళు. ఇది ఎంత? ఒకటింబావు లీటరు చల్లని నీటిని మరుగు వరకు తెచ్చుటకు చాలినంత. ఇంటిలో అంత నీరు మరుగుటకు స్టౌ మీద ఎన్ని నిమిషములు పట్టునో అందరకు తెలిసినదే. కారు గట్టి బ్రేకుతో నిలుచుటకు పట్టు కాలము మూడు సెకండ్లు మాత్రమే.

ఇంకొక విధముగా కూడ చూడవచ్చును. 4,25,000 జౌళ్ళ శక్తిని మూడు సెకండ్లకు కొంచెము పైన వేడిగా మార్చుటయనగా దాదాపు 180 గుర్రపు బలముతో పనిచేయుట. తొలి మియాటా ఇంజను బలము 116 గుర్రములు. ఏ కారులోనైనను అన్నిటికంటె బలమైన యంత్రము ఇంజను కాదు, బ్రేకు. ఈ కారు నూరు కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు సుమారు తొమ్మిది సెకండ్లు పట్టగా, ఆ వేగమును పోగొట్టుటకు మూడు సెకండ్లు చాలుటయే దీనికి నిదర్శనము.

బ్రేకు వేసినప్పుడు కారు ముందునకు ఒరుగును. భారము ముందు చక్రములపైకి జరుగును. కనుక పనిలో నూటికి డెబ్బది పాళ్ళు ముందు బ్రేకులే చేయును. అనగా ఒక్కొక్క ముందు డిస్కు వంతు సుమారు 1,50,000 జౌళ్ళు. డిస్కు బరువు 5 కిలోగ్రాములనియు, ఇనుము యొక్క విశిష్టోష్ణము కిలోగ్రామునకు డిగ్రీకి 500 జౌళ్ళనియు లెక్కకు అనుకొన్నచో, ఒక్కసారి నిలిపినంతనే డిస్కు ఉష్ణోగ్రత 60 డిగ్రీలు పెరుగును. మూడు సెకండ్లలో గాలి తీసికొనిపోగల వేడి బహు స్వల్పము. ఆ సమయమున వేడికి ఇనుము తప్ప వేరు చోటు లేదు. ఇనుము ఎక్కువయున్నచో ఉష్ణోగ్రత తక్కువ పెరుగును; తక్కువయున్నచో ఎక్కువ పెరుగును. దాహమునకు చెంబెడు నీరు కావలసినవాడు గిన్నె మీది చెక్కుడు పనిని చూడడు, గిన్నె ఎంత పట్టునో చూచును. డిస్కు విషయమును అట్టిదే.

ఇప్పుడు పైక్స్ పీక్ దిగుట చూడుడు. 800 మీటర్ల ఎత్తునుండి 1,100 కిలోగ్రాములు దిగినప్పుడు పోవు స్థితిశక్తి దాదాపు 86 లక్షల జౌళ్ళు. ఇది నూరు కిలోమీటర్ల వేగమునుండి ఇరువదిసార్లు ఆగుటతో సమానము. ఈ శక్తియంతయు బ్రేకులకే పోయి, గాలి ఏమియు తీసికొననిచో, ముందు డిస్కులు 1,200 డిగ్రీలు వేడెక్కవలెను. పోత ఇనుము కరుగు ఉష్ణోగ్రత దాదాపు అంతయే! అట్లు జరుగకుండుటకు రెండు కారణములు. తెలిసిన డ్రైవరు బండిని తక్కువ గేరులో దింపును. అప్పుడు శక్తిలో పెద్దపాలు ఇంజనులోనే ఖర్చగును. మిగిలిన దానిని, దిగుటకు పట్టు కాలము నిమిషములు గనుక, గాలి తీసికొనిపోవును.

ఒక్కసారి గట్టిగా ఆగుట, అదే పనిగా దిగుట అను ఈ రెండు సందర్భములకు తేడా ఉన్నది. మొదటిదానిలో డిస్కు బరువు కాపాడును. రెండవదానిలో గాలి తగులు ఏర్పాటు కాపాడును. డిస్కు ఎన్నికలో కలుగు తికమకలో సగము ఈ తేడాను గుర్తింపకపోవుటవలన వచ్చినదే.

వేడి మితిమీరినచో ఏమగును? డిస్కును ఇరువైపుల నొక్కు ప్యాడ్లు ఒక హద్దు దాటినప్పుడు పట్టు కోల్పోవును. అంతకంటె ప్రమాదకరమైనది మరొకటి కలదు. డ్రైవరు పాదపు ఒత్తిడిని చక్రము వరకు చేర్చునది బ్రేకు ఆయిలు. ద్రవము నొక్కిన కొద్ది నలుగదు; కనుకనే ఒత్తిడి తగ్గకుండ చేరును. కాని ఈ ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము ఉన్నది. డాట్ 4 అను రకము క్రొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల వరకైనను మరుగరాదని నిబంధన. తేమ చేరిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. డిస్కునుండి ప్యాడు, ప్యాడునుండి పిస్టను మీదుగా వేడి ఆయిలునకు చేరి, ఆయిలు మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి నలుగును. అప్పుడు పెడలు మెత్తగా నేలవరకు దిగిపోవును, కారు మాత్రము నిలువదు. గ్లెన్ కోవ్ వద్ద ఉష్ణమాపకము పట్టుకొని నిలుచుండువారి భయము ఇదియే.

డిస్కు బ్రేకు క్రొత్త ఊహ కాదు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఆంగ్ల ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు పొందెను. కాని ఆనాటి రాగి లైనింగులు చెవులు చిల్లులు పడునట్లు కీచుమనుటచే అది వ్యాపింపలేదు. అర్ధశతాబ్దము పాటు డ్రమ్ము బ్రేకులే రాజ్యమేలినవి. డ్రమ్ములో పట్టు లోపలినుండి జరుగును. వేడికి డ్రమ్ము వ్యాకోచించి పట్టునుండి దూరముగా తొలగును. వేడి బయటకు పోవు దారియు తక్కువ. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పట్టణమున జరిగిన ఇరువదినాలుగు గంటల పందెములో డన్‌లప్ డిస్కు బ్రేకులు గల జాగ్వార్ సీ-టైపు కారు గెలిచినది. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అనువారు దానిని నడిపిరి. ఇతరులు మలుపునకు ఎంతో ముందుగా బ్రేకు వేయుచుండగా వీరు ఆలస్యముగా వేసి కూడ నిలుపగలిగిరి. ఆ తరువాత రెండేండ్లకే సిట్రోయెన్ కంపెనీ తన డీఎస్ కారు ముందు చక్రములకు డిస్కులు అమర్చినది.

ఇక డిస్కు దేనితో చేయబడును? నూటికి తొంబది పాళ్ళకు పైగా ఇనుము, మూడు నాలుగు పాళ్ళు కర్బనము, కొంచెము సిలికాను. దీనిని బూడిదరంగు పోత ఇనుము అందురు. విరిచిన చోట బూడిదరంగుగా కనబడును గనుక ఆ పేరు వచ్చినది. ఇందలి కర్బనములో చాల భాగము గ్రాఫైటు రేకులుగా ఇనుము నడుమ చెదిరియుండును. పెన్సిలు ములుకులో ఉండు గ్రాఫైటే ఇది. ఈ రేకులు వేడిని త్వరగా ప్రాకించును, కంపనములను అణచివేయును. అందుచేతనే పోత ఇనుపముక్కను తట్టినప్పుడు ఉక్కువలె ఖంగున మ్రోగదు. బ్రేకు కీచుమనకుండుటకు ఈ మందమైన స్వభావము ఎంతో అవసరము. ఇన్ని గుణములున్న లోహము ఇంత చవుకగా మరొకటి లేదు. అల్యూమినియము తేలిక, వేడిని బాగుగా ప్రాకించును; కాని 660 డిగ్రీలకే కరుగును, అంతకు ఎంతో ముందే మెత్తబడును.

పోత ఇనుములోను తరగతులున్నవి. అమెరికాలో జీ 3000 అను తరగతి అనగా చదరపు అంగుళమునకు కనీసము 30,000 పౌండ్ల లాగుడును తట్టుకొనునది. కర్బనము కొంచెము హెచ్చుగా వేసిన రకములు అంత గట్టివి కావు గాని, వేడిని మరింత బాగుగా ప్రాకించి, చప్పుడును మరింత తగ్గించును. కొనువాడు పెట్టెపై ఉన్న రంగుల బొమ్మకంటె ఈ వివరమును చదువుట మేలు.

ముందు చక్రముల డిస్కు ఒకే పలక కాదు. రెండు పలకల నడుమ రెక్కలు నిలిపి గాలి సందులు వదలియుందురు. డిస్కు తిరుగునప్పుడు సందులలోని గాలి అంచువైపు విసరబడును; నడిమి రంధ్రమునుండి క్రొత్త గాలి లోపలికి వచ్చును. బావి నీటిని తోడు అపకేంద్ర పంపు వలెనే డిస్కును గాలి పంపుగా పనిచేయును. చాల కారులకు రెక్కలు తిన్నగా ఉండును గనుక ఎడమ డిస్కు, కుడి డిస్కు అను భేదము లేదు. కొన్ని ఖరీదైన డిస్కులకు మాత్రము రెక్కలు వంపుగా ఉండును. తిరుగు దిక్కునకు రెక్కలు వెనుకకు వాలునట్లు బిగించిననే గాలి చక్కగా పోవును. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుచున్నది. పైకి కనబడు గాడుల వాలు చూచి ఎడమ కుడి నిర్ణయించి, లోపలి రెక్కలను తలక్రిందులుగా బిగింతురు. గాడుల దిక్కు ఎట్లున్నను నష్టము లేదు. రెక్కల దిక్కు తప్పినచో పెట్టిన డబ్బుకు అర్థము లేదు.

చిల్లుల సంగతి కొంచెము నిదానముగా చూడవలెను. డిస్కు నిండ వరుసలుగా చిల్లులున్నచో కంటికి ఇంపుగా ఉండును. పందెపు కారు గుర్తునకు వచ్చును. చిల్లులు మొదట అలంకారము కొరకు రాలేదు. పాతకాలపు ప్యాడ్లలోని జిగురు పదార్థములు అతివేడికి వాయువులుగా మారి, ప్యాడునకు డిస్కునకు నడుమ పలుచని పొరగా నిలిచి పట్టును తగ్గించెడివి. ఆ వాయువు పోవుటకు దారిగాను, బరువు తగ్గించుటకును చిల్లులు వేసిరి. నేటి ప్యాడ్లు బాగుగా కాల్చి తయారుచేసినవగుటచే వాయువుల బాధ చాల తగ్గినది. వానలో డిస్కుపై నీటిపొరను త్వరగా పోగొట్టుటకు చిల్లులు ఇంకను కొంత సాయపడును.

నష్టమెంత? 6 మిల్లీమీటర్ల వ్యాసము గల చిల్లులు 48 వేసినారనియు, రెండు పలకల మందము కలిసి 12 మిల్లీమీటర్లనియు అనుకొన్నచో, పోవు ఇనుము 120 గ్రాములకు మించదు. ఐదు కిలోగ్రాములలో ఇది రెండు మూడు పాళ్ళు. కనుక చిల్లులవలన డిస్కు మోయు వేడి బాగా తగ్గిపోవునని కొందరనుట అతిశయోక్తి. అట్లే చిల్లులవలన కారు తేలికపడునని అనుటయు అంతే అతిశయోక్తి. అసలు హాని వేరొక చోట ఉన్నది.

ఒక రేకును ఇరుప్రక్కల లాగినప్పుడు, మధ్య గుండ్రని రంధ్రమున్నచో, రంధ్రపు అంచున ప్రతిబలము మిగిలిన చోటులకంటె మూడింతలగునని కిర్ష్ అను జర్మను ఇంజనీరు 1898లో గణితముతో చూపెను. చిరుగునకు కొనలో గుండ్రని రంధ్రము చేసినచో చినుగుట ఆగునని కుట్టుపని వారికి తెలియును. కాని రంధ్రము లేని గుడ్డలో ఆ మూడింతల బాధ అసలే లేదు. బ్రేకు వేసిన ప్రతిసారి డిస్కు పైపొర లోపలికంటె ముందుగా వేడెక్కి వ్యాకోచింప యత్నించును. లోపలి చల్లని ఇనుము అడ్డగించును. చల్లారునప్పుడు కథ తిరుగబడి పైపొర లాగబడును. వేలసార్లు ఇట్లు జరుగగా చిల్లుల అంచుల వద్ద వెంట్రుకవంటి బీటలు పుట్టి, ఒక చిల్లునుండి మరొక చిల్లునకు ప్రాకును. చివరకు డిస్కు రెండుగా చీలిన సందర్భములును కలవు.

అట్లయిన పోర్షే వంటి గొప్ప కంపెనీలు చిల్లుల డిస్కులు ఎందులకు వాడుచున్నవని ఉపాధ్యాయుని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. పోర్షే 1978లో తన 911 టర్బో కారునకు 917 అను పందెపు కారు బ్రేకుల ననుసరించిన చిల్లుల డిస్కులను పెట్టినది. కాని ఆ డిస్కులు కారు బరువుకు, వేగమునకు తగినట్లు మొదటినుండి లెక్కించి పెద్దవిగా చేసినవి. చిల్లులు లోపలి రెక్కలను తెగకొట్టకుండ చోటు చూచి వేసినవి. సాదా డిస్కును తెచ్చి, డ్రిల్లు యంత్రము క్రింద పెట్టి చిల్లులు పొడిచి, రెట్టింపు వెలకు అమ్ము సరుకు వేరు. పేరు ఒకటే.

మన ఊళ్ళలోని మోటారు సైకిళ్ళ డిస్కులకును చిల్లులుండుట అందరు చూచియుందురు. అక్కడ లెక్క వేరు. మోటారు సైకిలు బరువు కారులో ఐదారవ వంతు. దాని డిస్కు పోత ఇనుము కాక పలుచని తుప్పు పట్టని ఉక్కు పలక. నలువైపుల గాలి తగులునట్లు బయటనే ఉండును. వాన నీరు నేరుగా పడును. అచ్చట చిల్లులు తగిన పనియే చేయుచున్నవి. ఒక చోట మంచిదైనది మరొక చోట మంచిది కావలెనను నియమము లేదు.

గాడుల డిస్కునకు చిల్లులుండవు. లోతు తక్కువగల గీతలు మాత్రము కోసియుండును. ఇవి తిరుగుచు ప్యాడు ముఖమును గీకి శుభ్రపరచును. పందెపు మైదానములో ప్యాడు పైభాగము మాడి గాజువలె నున్నబడునప్పుడు ఇది ఉపకరించును. బజారులోను, ఆఫీసు దారిలోను తిరుగు కారునకు ఆ అవసరము రాదు. ప్యాడు కొంచెము త్వరగా అరుగును, బ్రేకు వేసినప్పుడు బుర్రుమను చప్పుడు వచ్చును. హాని పెద్దది కాదు, లాభమును పెద్దది కాదు.

పెద్ద డిస్కు పెట్టినచో కారు తక్కువ దూరములో ఆగునని నమ్మువారు చాలమంది. డిస్కు వ్యాసము పెరిగినచో చక్రమును అడ్డగించు భ్రామకము పెరుగునన్నది నిజమే. కాని కారును చివరకు ఆపునది డిస్కు కాదు, రోడ్డును పట్టుకొనియున్న టైరు. నూరు కిలోమీటర్ల వేగమునుండి నిలుచుటకు కావలసిన దూరము, టైరు పట్టు గుణకము 0.9 అయినచో, దాదాపు 44 మీటర్లు. ఆ సూత్రములో వేగము, పట్టు గుణకము, భూమ్యాకర్షణ మాత్రమే ఉన్నవి. డిస్కు వ్యాసార్ధమునకు చోటే లేదు. ఉన్న బ్రేకులే చక్రమును బిగింపగలిగినవైనప్పుడు ఇంకను పెద్దవి పెట్టి ప్రయోజనమేమి? వేడిని మోయు శక్తి పెరుగును, అంతే. కొండ దారులలో తిరుగువానికి అది లాభము. తక్కినవారికి చక్రము బరువు పెరుగుట మాత్రము మిగులును.

ముందు డిస్కులను మాత్రమే పెద్దవి చేయుటలో మరొక చిక్కు ఉన్నది. ముందు చక్రములు తమ వంతుకు మించి పట్టగా వెనుక చక్రములు తమ పని పూర్తిగా చేయక మునుపే ముందు టైర్లు జారసాగును. ఆగు దూరము తగ్గుటకు బదులు పెరుగవచ్చును కూడ. మాజ్డా ఇంజనీర్లు ఈ విషయమున ఎట్లు ప్రవర్తించిరో చూచుట ఉచితము. తొలి మియాటా ముందు డిస్కు వ్యాసము 235 మిల్లీమీటర్లు, వెనుకది 231. 1994 నమూనాకు పెద్ద ఇంజను పెట్టినప్పుడు ముందు 255, వెనుక 251 చేసిరి. భాగహారము చేసి చూచినచో రెండును దాదాపు ఒకే పాళ్ళలో, నూటికి ఎనిమిదిన్నర చొప్పున పెరిగినవి. ముందు వెనుకల తూకము చెడలేదు. పాత కారునకు పెద్ద డిస్కులు కావలెనన్నవారు ఈ 1994 సామానునే, నాలుగు చక్రములకు ఒకేసారి అమర్చుకొనుచుందురు. అది తెలివైన పని.

కర్బన తంతువులను సిలికాను కార్బైడుతో కూర్చి చేసిన డిస్కులును ఉన్నవి. పోర్షే వీనిని 2001లో తన 911 జీటీ2 కారునకు అమర్చినది. బరువు ఇనుములో సగము. వెల వింటే తల తిరుగును. పూర్తిగా కర్బనముతో చేసినవి పందెపు కారులకు, కాంకార్డు విమానమునకు వాడిరి. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు గనుక సంతకు పోవు కారునకు పనికిరావు.

ఇట్లు ఒక్కొక్కటి తీసివేయగా, రోడ్డుపై నడుపుకొను స్పోర్ట్సు కారునకు నిలుచునది కారు తయారైననాటి కొలతలు గల, నునుపైన, పూర్తి బరువుగల పోత ఇనుప డిస్కు. కొనునప్పుడు దానిని తూచి చూచుట తప్పు కాదు. ఒకే కొలత గల రెండు డిస్కులలో ఒకటి తేలికగా ఉన్నచో ఎక్కడో ఇనుము మిగిల్చినారన్నమాట. హబ్బుమీద కూర్చుండు భాగమునకు, రెక్కల సందులకు తుప్పు పట్టకుండ పూత వేసినవి దొరకినచో ఇంకను మంచిది. మిగిలిన డబ్బును మంచి ప్యాడ్లకు, క్రొత్త బ్రేకు ఆయిలునకు, టైర్లకు ఖర్చు చేయుట మేలు.

పాత డిస్కు ఎప్పుడు మార్చవలెనో ఊహింపనక్కరలేదు. అరిగి ఎంత మందమునకు దిగరాదో ఆ అంకె సాధారణముగ డిస్కు మీదనే పోతపోసియుండును. మైక్రోమీటరుతో అంచుకు కొంచెము లోపల నాలుగైదు చోట్ల కొలువవలెను. అంచు అరుగదు గనుక అచ్చట కొలిచినచో మోసపోవుదురు. కొలత ఆ అంకెకు దిగినచో డిస్కు ఇంకను నునుపుగా మెరయుచున్నను మార్చవలసినదే. ఇనుము తగ్గినకొద్ది వేడి మోయు శక్తియు తగ్గినదే గదా. ఒక ఇరుసుకు రెండు డిస్కులను కలిపియే మార్చవలెను. లేనిచో బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగవచ్చును.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణకినచో డిస్కు వంగినదని మెకానిక్కులు అనుట పరిపాటి. పందెపు కారుల ఇంజనీరు కారల్ స్మిత్ ఈ మాటను గట్టిగా ఖండించెను. వంగిన డిస్కు అరుదు. చాల సందర్భములలో జరుగునది వేరు: ప్యాడు పదార్థము డిస్కుపై అచ్చటచ్చట మందముగా అంటుకొని ఎగుడుదిగుడులు కల్పించుట. లేదా హబ్బు మీది తుప్పు పెచ్చు వలన డిస్కు తిన్నగా కూర్చుండకపోవుట. మిల్లీమీటరులో పదవ వంతు వంకర చాలును, కొన్ని వేల కిలోమీటర్లలో వణకు మొదలగుటకు. కనుక క్రొత్త డిస్కు పెట్టుటకు ముందు హబ్బు ముఖమును తీగ బ్రష్షుతో మెరయునట్లు రుద్దవలెను. క్రొత్త డిస్కుకు పూసిన తుప్పు నిరోధక నూనెను పూర్తిగా కడుగవలెను. చక్రపు నట్లను ఒకదాని తరువాత ఒకటి వరుసగా కాక ఎదురెదురుగా, టార్కు పానాతో ఒకే బిగువున బిగింపవలెను.

ఆ తరువాత మిగిలినది డిస్కును ప్యాడునకు అలవాటు చేయుట. రద్దీ లేని రోడ్డుపై, వెనుక బండ్లు లేవని చూచుకొని, గంటకు 80 కిలోమీటర్ల వేగమునుండి 20 వరకు ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేసి, మరల వేగము పెంచి, ఇట్లు ఎనిమిది పది సార్లు చేయవలెను. ప్రతిసారి కొంచెము వేడి చేరును. ప్యాడునుండి పలుచని పొర డిస్కు ముఖమంతట సమముగా అంటుకొనును. బండిని పూర్తిగా నిలుపరాదు. వేడి డిస్కుపై ప్యాడు ఒకే చోట నిలిచి నొక్కినచో ఆ చోట మచ్చ పడును, ముందు చెప్పిన వణకు అచ్చటనే పుట్టును. తరువాత బ్రేకు ముట్టకుండ పది నిమిషములు మెల్లగా నడిపి చల్లార్చవలెను. ఇంటికి వచ్చిన పిదప చక్రపు సందులలోనుండి చూచినచో, తళతళలాడిన క్రొత్త ఇనుము మీద అంతటను ఒకే తీరున బూడిదరంగు పొర కనబడును.